‘లర్న్’ అను నాంగ్లక్రియయుఁ దెలుఁగు ‘నేర్చు’ధాతువును

‘లర్న్’ అను నాంగ్లక్రియకుఁ దెలుఁగున నేమి చెప్పవలయునని యే పాఠశాలలో నే బాలు నడిగినను “నేర్చుకొను” అని తడవుకొనక చెప్పును. ఈ సమాధానము తప్పని నే ననను. కాని యొక్కమాటకు నొక్కమాట యని కట్టిన యీ ముడివలన మనకు రెండు నష్టములు కలిగినవి. ఆంగ్లమునుండి తెనిఁగించునపుడు తెలుఁగుకాని తెలుఁగు పుట్టుచున్నది, ఇది మొదటిది. రెండవది యంతకంటెఁ బెద్దది. ‘నేర్చు’ అనఁగా ‘లర్న్’ అని మనస్సునఁ బాతుకొనిన పిల్లవాఁడు తిక్కనాదుల కావ్యములు చేతఁ బట్టినపుడు తన భాషలోని మాటకే యపార్థము చేసికొనుచున్నాఁడు. నెల్లూరిసీమవారికిఁ దిక్కన యింటికవి గావున నీ రెండవనష్టమునే ముందుగా విచారింతును.

తిక్కన సోమయాజి పదుమూఁడవ శతాబ్దివాఁడు. విక్రమసింహపురమని పేరొందిన నెల్లూర మనుమసిద్ధి యాస్థానమున వెలసి, విరాటపర్వము మొదలుకొని భారతమునఁ బదునైదు పర్వములఁ దెనిఁగించెను. ఆయనకు దశకుమారచరిత్రమును గృతి యిచ్చిన మూలఘటిక కేతనయే తెలుఁగు పద్యములలోఁ దెలుఁగునకు వ్యాకరణము, ఆంధ్రభాషాభూషణము, రచించెను. ఆ భాషలో ‘నేర్చు’ రెండువిధముల వాక్యములలో వచ్చును. నామము కర్మగా నున్నపుడు, అనఁగా ‘విలువిద్య నేర్చెను’ అన్నచో, అభ్యసించి వశపఱచుకొనెనని యర్థము. తుమర్థకముతోఁ గూడినపుడు, అనఁగా ‘పాడ నేర్చును’, ‘ఈఁద నేర్చును’, ‘తేరు దోల నేర్చును’ అన్నచో, ఆ పని చేయు నెఱుకయు శక్తియుఁ గలవని యర్థము. ‘తేరు దోల నేర్తువా?’ యని యొకఁడు వేఱొకని నడిగినచో, ‘నీకుఁ దేరు దోలుట వచ్చునా?’ యని యడిగినట్లే. ‘ఇఁకమీఁద నేర్చుకొందువా?’ యను భావ మందు లేదు.

విరాటపర్వములోని యుత్తరగోగ్రహణకథ నెఱుఁగనివారు లేరు. ఉత్తరునకు సారథి కావలసి వచ్చెను. బృహన్నల యను పేర నున్న యర్జునుఁడు కన్యల కాటపాటలు గఱపు కొలువులో నున్నాఁడు; సారథ్యము నా కేల యని మొదట వెనుదీయును. ఆ ఘట్టమున విచారణ యంతయు శక్తిని గూర్చినది. అర్జునుఁడు విరాటుని కొలువునఁ గొత్తగా నేర్చుకొనిన దేదియు లేదు. ఉన్న నేర్పును దాఁచుకొని యుండుటయే కథ. ఇట్టిచోట్ల ‘నేర్తు’, ‘నేర’ యను రూపములు గానఁబడినపుడెల్ల ‘నేర్చుకొందును’, ‘నేర్చుకొనను’ అని బాలుఁడు వ్రాసికొనెనేని రసము మాట యటుండ, కథయే తలక్రిం దగును. ‘చేయనేరను’ అనుదానికి ‘చేయుటను నేర్చుకొనలేదు’ అని ప్రతిపదార్థము వ్రాసిన కాగితములను నేను బెక్కు దిద్ది యున్నాను. వ్రాసినవారు మందబుద్ధులు గారు. చిన్ననాఁడు పలకమీఁద వ్రాసికొనిన ‘లర్న్ = నేర్చుకొను’ అను సమీకరణమునే నమ్మిన బుద్ధిమంతులు.

ఇందుపై నొక యాక్షేపము రావచ్చును. ‘బిడ్డ పలుక నేర్చెను’ అన్నచోఁ దుమర్థక మున్నను నభ్యాసమే తోఁచుచున్నది గదా యని. నిజమే. కాని బిడ్డ పలుకఁ బ్రయత్నించుచున్నంతకాలము ‘నేర్చెను’ అని యనము. పలుకు వచ్చిన పిమ్మటనే యందుము. ఫలము చేతికి రాని నేర్చుట తెలుఁగునఁ బొసఁగదు. ఆంగ్లక్రియ యట్లు గాదు. అది ప్రయత్నదశకును జెల్లును. మోటారుబండి నడుప నారంభించినవానికిఁ బ్రభుత్వ మిచ్చు కాగితమునకు ‘లర్నర్సు లైసెన్సు’ అని పేరు; బండికి ముందు వెనుకల నెఱ్ఱని ‘ఎల్’ అక్షరము గట్టుదురు. వానికి బండి యింకను రాదు, తొలఁగి నడువుఁడని దాని తాత్పర్యము. తెలుఁగున ‘నేర్చినవాఁడు’ అనఁగా వచ్చినవాఁడు. ‘నేర్పరి’ యనఁగా నందుఁ గడతేఱినవాఁడు. ‘లర్నర్’ అనుదానికి ‘నేర్పరి’ యని యెవఁడైన వ్రాసినచోఁ ద్రోవఁబోవువారికి మిక్కిలి యపాయము.

‘నేర్చుకొను’ అనుటలోని ‘కొను’ ఏమి చేయుచున్నదో చూడుఁడు. తెలియుట, తెలిసికొనుట యను రెంటికిని గల భేదమే నేర్చుటకును నేర్చుకొనుటకును గలదు. ‘నాకుఁ దెలియును’ అన్నది స్థితి. ‘తెలిసికొంటిని’ అన్నది యాస్థితిని సంపాదించిన వ్యాపారము. అట్లే ‘నేర్తును’ అన్నది కలిమి, ‘నేర్చుకొందును’ అన్నది గడన. వ్యవహారమునఁ గలిమిని దెలుపు రూపము జాఱిపోయి గడనను దెలుపు రూపమొక్కటియే నిలిచినది. ఆ వెలితిని ‘వచ్చును’, ‘కలఁడు’, ‘లేఁడు’ అనునవి పూడ్చినవి.

వ్యతిరేకరూపములలో జరిగిన నష్ట మింకను విచారింపఁదగినది. పూర్వులు చేయలేమిని నాలుగు దెఱఁగులుగాఁ జెప్పఁగలిగిరి. ‘బరు వెత్తఁజాలఁడు’ అనఁగా బలము చాలదు. ‘ఎండ నోపఁడు’ అనఁగా నోర్పు లేదు. ‘వీణ వాయింప నేరఁడు’ అనఁగా నెఱుక లేదు. ‘నేఁడు రాలేఁడు’ అనఁగా వీలు పడదు. కవులు ప్రాసయతుల యవసరమునుబట్టి యొకదానికి బదులొకటి ప్రయోగించుటయుఁ గలదు; మూలభేదము మాత్రము చెడలేదు. నేఁడు ‘లేఁడు’ అనునది తక్కిన మూఁటిని మ్రింగినది. ఆడలేక మద్దెల యోడన్నదను సామెతను జూడుఁడు. ఆ యాఁటకత్తెకుఁ గాలునొప్పి లేదు, రంగస్థల మిఱుకు గాదు. ఆమెకు నాట రాదు. ‘ఆడ నేరక’ యన్నచో సామెతలోని చమత్కార మొక్కమాటలోఁ దేలును. ‘నేరమి’ యను నామమునకు నిఘంటువులలోఁ జేతకానితన మనియుఁ దప్పనియు రెండర్థములు గలవు. దండనకుఁ బాత్రమైన ‘నేరము’ దీనికిఁ జుట్టమే యని నా యభిప్రాయము. చేతకాని పని చేయఁబోయి చెఱుచుటయే మొదటి నేరమై యుండును.

మఱి గడనకు, అనఁగా విద్యను సంపాదించుటకుఁ బూర్వులకు వేఱొకమాట లేదా? కలదు, అది కఱచు. తమిళమున కల్, కఱ్క, కల్వి; కన్నడమున కలి, కలిసు; తెలుఁగునఁ గఱచు, కఱపు. బరో, ఎమెనో పండితులు 1961లోఁ బ్రకటించిన ద్రావిడవ్యుత్పత్తినిఘంటువున నివి యన్నియు నొక్కకుదుటఁ జేర్పఁబడినవి. శిష్యుఁడు గఱచును, గురుఁడు గఱపును. తమిళదేశపు సరిహద్దున నున్న సూళ్లూరుపేట, తడ ప్రాంతములవారి చెవికి ‘కల్వి’ క్రొత్తమాట గాదు. దాని తెలుఁగుచెల్లెలు మాత్రము మనకుఁ గ్రొత్త యైనది. కఱపు కావ్యములలో నైన నిలిచినది, కఱచు నానాఁటికి మఱుగుపడినది. కఱచుట యనఁగాఁ బంట నొక్కుట యనియు నర్థ ముండుటయే దీనికిఁ గారణమై యుండునని తోఁచుచున్నది. ‘మా పిల్లవాఁడు పంతులుగారియొద్దఁ గఱచుచున్నాఁడు’ అని యెవ రనఁగలరు? కఱచు తొలఁగినచోట ‘నేర్చుకొను’ వచ్చి కూరుచున్నది. ఆ బరువు మీఁదఁ బడుటచేతనే నేర్చుధాతువు తన పాతయర్థమును విడువవలసి వచ్చినది.

ఇఁక నాంగ్లక్రియ పుట్టువును గొంచెము చూతము. ‘లర్న్’ అనుదాని ప్రాచీనరూపము ‘లెఒర్నియన్’. దీని మూలధాతువున కడుగుజాడ, బాట యని యర్థము. చెప్పులు గుట్టువారు తోలు బిగించుటకు వాడు కొయ్యపాదమును ‘లాస్ట్’ అందురు. అదియు నీ ధాతువునుండి వచ్చినదే. కావున నేర్చుట యనఁగా జాడఁబట్టి పోవుట. మన ‘పద్ధతి’ శబ్దమును నడుగుల త్రొక్కిడిచే నేర్పడిన త్రోవయే గదా! ఇంతేకాదు, చాలకాలము ‘లర్న్’ అను మాటకు నేర్పుట యనియు నర్థ ముండెను. షేక్స్పియరు ‘టెంపెస్టు’ నాటకమున కాలిబను తనకు భాష నేర్పినవారిని దిట్టునపు డీక్రియనే వాడును. 1755లో వెలువడిన జాన్సను నిఘంటువు నేర్పుట యను నర్థమును బేర్కొని యది వాడుకఁ దప్పినదనియు, ఐరోపాభాషలఁ బెక్కింట నేర్చుటకు నేర్పుటకు నొక్కమాటయే కలదనియుఁ జెప్పినది. నేఁ డాంగ్లమున నా యర్థమున వాడువానిని గ్రామ్యుఁ డందురు. తెలుఁగున నేర్చు-నేర్పు, కఱచు-కఱపు అని వేర్వేఱు రూపము లుండుటచే మన కీ చిక్కు లేదు.

నాకుఁ ‘లర్న్’ కంటె ‘కెన్’ అను క్రియ నేర్చుధాతువునకు దగ్గఱి చుట్టముగాఁ దోఁచుచున్నది. ‘చేయఁగలఁడు’ అని నేఁ డర్థ మిచ్చు ‘కెన్’ ప్రాచీనాంగ్లమున ‘ఎఱుఁగును’ అని యర్థ మిచ్చుచుండెను. స్కాట్లండువారు నేఁటికిని ‘కెన్’ అని యెఱుఁగుట యనునర్థమున వాడుదురు. జర్మనుభాషలో నెఱుఁగుటకు ‘కెన్నెన్’, చేయఁగలుగుటకు ‘క్యోన్నెన్’ అని యొక్కకొమ్మ రెండుగాఁ జీలినది. ఆంగ్లక్రియ యెఱుకనుండి శక్తికిఁ బోయినది. మన నేర్చుధాతువు శక్తినుండి గడనకుఁ బోయినది. దారిలో రెండు నొక్కచోటఁ గలిసికొన్నవి. తిక్కననాఁటి ‘ఈఁద నేర్చును’ అనుదానిని ‘కెన్’ క్రియతో ననువదింపవలయును గాని ‘లర్న్’ తో ననువదింపరాదు. ఇట్లే యాంగ్లమున ‘లర్న్’ క్రియకుఁ దరువాతఁ దుమర్థక మున్నదిగదా యని ‘వాఁడు వ్రాయ నేర్చుచున్నాఁడు’ అని మక్కికి మక్కి వ్రాయుటయు దోషమే. ‘వ్రాయుట నేర్చుకొనుచున్నాఁడు’ అనవలయును.

అనువాదమున నీ క్రియ పెట్టు తిప్పలు మఱికొన్ని యున్నవి. దీర్ఘముగాఁ జెప్పను. వార్త దెలియుటకు నాంగ్లేయులు ‘లర్న్’ అందురు. ‘తండ్రి మృతినొందెనని నేర్చుకొనెను’ అని వ్రాసినవాఁడు తెలుఁగువాఁడు గాఁడు. ‘తెలిసికొనెను’ అనియో, ‘తెలియవచ్చెను’ అనియో యుండవలయును. పాఠమును నోటికిఁ బట్టుటకు వల్లించు, వల్లెవేయు, కంఠస్థము చేయు అని మూఁడుమాటలు మనకుఁ గలవు. ఓటమివలన ‘గుణపాఠము నేర్చుకొనుట’ నేఁటి పత్రికలలో నిలుకడ జెందినది. తొలఁగింపఁ బూనుట వ్యర్థము. అయినను ‘బుద్ధి తెచ్చుకొనెను’ అనుదానిలో నున్న సూటిదనము దానికి లేదు.

వ్యవహారమున నేర్చుధాతువు స్థానమున నిలిచిన ‘వచ్చు’ను మాత్రము తేలికగా విడువరాదు. మైపాడు, కృష్ణపట్టణము తీరములఁ బల్లెకాఱులు తమ పిల్లలను గూర్చి ‘వానికి వల వేయుట వచ్చినది’ అందురు. ‘వాఁడు వల వేయుట నేర్చుకొన్నాఁడు’ అనుట యరుదు. వేంకటగిరి నేఁతపనివానికి మగ్గముమీఁదఁ ‘జేయి తిరుగును’. పని ‘పట్టుబడును’. ఈ వాక్యములలోఁ గర్త మనుష్యుఁడు గాఁడు, విద్యయే కర్త. ఆంగ్లమున నేర్చువాఁడు విద్యను బోయి పట్టుకొనును; తెలుఁగున విద్య యాతనియొద్దకు వచ్చును. రాకున్న ‘రాదు’. నాకు సంస్కృతము రాదనుటలో సంస్కృతముయొక్క ప్రతీక్ష కొంత యున్నది, ఎప్పుడైన రావచ్చును. కఠినపరీక్షలలో నెగ్గినవానికిఁ గూడ నీత వచ్చునో రాదో నీటఁ దిగిననాఁడే తేలునని తీరవాసులకు వేఱుగాఁ జెప్పఁబనిలేదు. 1949లో గిల్బర్టు రైలు అను నాంగ్లతత్త్వవేత్త ‘ది కాన్సెప్ట్ ఆఫ్ మైండ్’ అను గ్రంథమున సంగతి నెఱుఁగుట వేఱు, పని చేయ నెఱుఁగుట వేఱు అని విస్తరించి నిరూపించెను. ప్రయత్నమును జెప్పు క్రియలు వేఱు, ఫలసిద్ధిని జెప్పు క్రియలు వేఱు అనియు విభజించెను. అది చదివినపుడు నాకు మన ‘తెలియును’, ‘వచ్చును’, ‘చదివెను’, ‘నేర్చెను’ అను నాలుగు క్రియలే మనస్సున మెదలినవి.

‘చదువు’ అనుదానికి నేఁడు విద్య యని యర్థ మైనను, మూలార్థము పైకిఁ జదువుట, ఉచ్చరించుట. పెండ్లిలోఁ గట్నములు ‘చదివించుట’ దీనికి సాక్షి. ఇచ్చినవారి పేరును సొమ్మును నలుగురు వినునట్లు పలుకుటయే యది, అందు విద్య యేమియు లేదు. ఈ మూలార్థమును మనసున నుంచుకొని యొక పాతవివాదమును జూడవలయును. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామసు మన్రో దేశీయపాఠశాలల స్థితి దెలుపుఁడని కలెక్టర్ల నాజ్ఞాపించెను. నెల్లూరినుండియు బళ్లారినుండియు నివేదికలు వెడలెను. వానిని 1983లో ధరంపాలు తన గ్రంథమున నచ్చొత్తించెను. బళ్లారి నివేదికను 1823లో వ్రాసినవాఁడు ఏ. డి. కాంబెల్, 1816లోఁ దెలుఁగు వ్యాకరణమును, 1821లో నిఘంటువును బ్రకటించిన యా కాంబెలే. తెలుఁగు కన్నడ బడులలోని పుస్తకములు పద్యములనియు, వాని భాష వ్యవహారమునకు దూరమనియు, బాలురు లెక్కకు మిక్కిలి పద్యముల నొప్పగింతురు గాని చిలుకకుఁ దెలిసినంతకంటె నెక్కువ యర్థము వారికిఁ దెలియదనియు నాతఁడు వ్రాసెను.

కాంబెలు చూచినది చదువు, వెదకినది నేర్పు. మన బడులలో మొదటిది ముందు, రెండవది వెనుక యను క్రమ ముండెను. ఎనిమిదవయేఁట ధారణ చేసిన పద్యము పదునెనిమిదవయేఁట నర్థ మిచ్చును. ఈక్రమము నాతఁడు గమనింపలేదని నా తలంపు. అయినను, రెండవ మెట్టెక్కకుండ మొదటిమెట్టుననే నిలిచిపోయినవారు నాఁడును బెక్కండ్రు, నేఁడును బెక్కండ్రు. చదువ వేసిన నున్నమతి పోయినదను సామెతను గట్టినది కాంబెలు గాఁడు. కాఁబట్టి యాతని యాక్షేపమును దొరతనపు గర్వమని త్రోసివేయుట న్యాయము గాదు.

ఇప్పు డీ విచారము పండితుల కేల పనికివచ్చునన్న, ప్రకృతపు పాఠ్యపుస్తకములఁ జూడుఁడు. 2017లో జాతీయవిద్యాపరిశోధనశిక్షణసంస్థ ‘లర్నింగ్ ఔట్కమ్సు’ అను పేర నేతరగతిబాలునకు నేమి రావలయునో పట్టిక ప్రకటించెను. దానిని మనవారు ‘అభ్యసన ఫలితాలు’ అని తెనిఁగించిరి; పాఠముల మొదట నీ శీర్షిక యచ్చగుచున్నది. అభ్యాసమున్న భాషకు ‘అభ్యసనము’ ఎందుల కను ప్రశ్నను నే నిక్కడ నెత్తను. అర్థమునే చూతము. అభ్యాస మనఁగా మరల మరలఁ జేయుట. పాణిని ద్విత్వమునఁ బూర్వభాగమునకు నభ్యాస మని సంజ్ఞ చేసెను. మరల మరలఁ జేయుటయొక్క ఫలము వల్లింపు మాత్రమే కావచ్చును. కాంబెలు బడిలో వినినదియు నభ్యసనఫలితమే. కమిటీవా రుద్దేశించినది యది గాదు.

వారి యుద్దేశ మేదో శీర్షిక క్రింది వాక్యములే తెలుపుచున్నవి. విద్యార్థి కథను దనమాటలలోఁ జెప్పగలుగును, చదివినదానిపై నభిప్రాయము వ్రాయఁగలుగును, క్రొత్తపదములఁ బ్రయోగింపఁగలుగును అని ప్రతివాక్యమును ‘కలుగు’ధాతువుతో ముగియుచున్నది. ఆ ‘చెప్పఁగలుగును’ అన్నచోఁ దిక్కన యాస్థానపు తెలుఁగున ‘చెప్ప నేర్చును’ అని యుండెడిది. ‘వ్రాయఁగలుగును’ అన్నచో ‘వ్రాయ నేర్చును’ అని యుండెడిది. శీర్షికకు ‘నేర్పు’ అను రెండక్షరములే చాలియుండెను. బోధన యనియు నీమాట కర్థము గలదు గదా యని శంకించువారు ‘నేరిమి’ యనవచ్చును. అందు శక్తి తప్ప వేఱర్థము లేదు.